అద్దాలు కడిగే పైపుకు మోటారు రీలు సొంతంగా చేసుకోవాలి, సలహా కావాలి

కాకినాడ_అద్దాలు
షోరూములు, ఆసుపత్రులు, కల్యాణ మండపాల అద్దాలు కడిగే పని మాది. కాకినాడ నుంచి భీమవరం దాకా ఎక్కడ పిలిస్తే అక్కడికి వెళతాం. టాటా ఏస్ బండిలో 500 లీటర్ల ట్యాంకు, 12 వోల్టుల పంపు, 100 మీటర్ల పైపు, చివర బ్రష్షు బిగించిన పొడవాటి గడ. శుద్ధి చేసిన నీళ్లతో కడుగుతాం కాబట్టి గుడ్డ పెట్టి తుడవనక్కర్లేదు, అలాగే ఆరనిస్తే మచ్చ పడదు.

పని బాగానే ఉంది, పైపు చుట్టడమే ప్రాణం తీస్తోంది. పొలాల్లో మందు కొట్టే, లోపలి వ్యాసం 8.5 మిల్లీమీటర్లు ఉన్న పైపే వాడుతున్నాం. నీళ్లు నిండిన పైపును చేత్తో తిప్పే రీలు మీదకు లాగి చుట్టాలి. రోజుకు ఐదారు చోట్ల ఇదే తంతు. చుట్టేది ఎక్కువగా మా తమ్ముడే. మొన్న రాత్రి అన్నం కలుపుకోవడానికి వాడి కుడి చెయ్యి పైకి లేవలేదు. అమ్మ కలిపి పెట్టింది. 24 ఏళ్ల కుర్రాడు. అది చూశాక నాకు నిద్ర పట్టలేదు.

విదేశాల్లో ఈ పని చేసేవాళ్లు బండిలోనే మోటారు రీలు పెట్టుకుంటారు. అక్కడి నుంచి తెప్పించుకునే స్తోమత మాకు లేదు. పాత కారు వైపర్ మోటారు ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని తిన్నగా రీలు ఇరుసుకు వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందా? చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఉప్పాడ_కెరటం
రీలే ఎందుకు తమ్ముడూ? పడవ మీద తాళ్లను మేము ఎనిమిది అంకె ఆకారంలో పేర్చుకుంటాం. ఒక చుట్టు ఇటు, ఒక చుట్టు అటు. మెలి పడదు, లాగితే చిక్కు లేకుండా వస్తుంది. పెద్ద తొట్టి ఒకటి పెట్టుకుని అందులో పేర్చండి. మోటారూ వద్దు, బ్యాటరీ గొడవా వద్దు.

కాకినాడ_అద్దాలు
@ఉప్పాడ_కెరటం అన్నా, ఏడాది పాటు అలాగే చేశాం. మెలి పడదన్నది నిజం. కానీ 100 మీటర్లనూ చేత్తోనే లాగాలి కదా, భుజానికి పడే శ్రమ అలాగే ఉంటుంది.

తణుకు_లేత్‌మిషన్
తిన్నగా వెల్డింగ్ చేయకండి. చేశారంటే పైపు చుట్టుకుంటుంది, మళ్లీ బయటికి రాదు.

వైపర్ మోటారు లోపల వార్మ్ గేరు ఉంటుంది. మరలాంటి ఇరుసు ఒక పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మోటారు తిరిగితే చక్రం తిరుగుతుంది, చక్రాన్ని పట్టుకుని తిప్పితే మోటారు తిరగదు. కారు వైపర్‌ను చేత్తో పక్కకు నెట్టి చూడండి, బిగదీసుకుని ఉంటుంది. ఆ పట్టే ఇక్కడ మీకు అడ్డం. అద్దం దగ్గరికి నడుస్తూ మీరు పైపు లాగుతారు, డ్రమ్ము కదలదు. బలంగా లాగితే గేరు పళ్లు పోతాయి. అందులోని చక్రం చాలా మోటార్లలో నైలాన్‌ది.

చుట్టేటప్పుడు మోటారు డ్రమ్మును పట్టుకోవాలి, లాగేటప్పుడు పూర్తిగా వదిలేయాలి. ముందు ఆ ఏర్పాటు ఎలాగో ఆలోచించండి. మిగతాదంతా మామూలు వెల్డింగ్ పనే.

పాలకొల్లు_సైకిల్
దానికి అంత ఆలోచన ఎందుకండీ? సైకిల్ ఫ్రీవీల్ వేసేయండి. తొక్కితే పట్టుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది. సైకిల్ గొలుసు, 18 పళ్ల ఫ్రీవీల్, 44 పళ్ల పెద్ద చక్రం, అన్నీ కలిపి చాలా తక్కువలో అయిపోతుంది.

తణుకు_లేత్‌మిషన్
@పాలకొల్లు_సైకిల్ ఫ్రీవీల్ ఇక్కడ పనికిరాదు గురువుగారూ. ఫ్రీవీల్ వదిలేది చక్రం ముందుకు పరుగెత్తినప్పుడు. పైపు బయటికి లాగితే డ్రమ్ము వెనక్కి తిరుగుతుంది. మీ కొట్లో ఉన్న సైకిల్‌ను ఒక్కసారి వెనక్కి నెట్టి చూడండి, పెడళ్లు కూడా వెనక్కి తిరుగుతాయి. అంటే ఫ్రీవీల్ పట్టుకునే ఉంది. దాని వెనక వార్మ్ గేరు ఉంటే పెడళ్ల స్థానంలో గోడ ఉన్నట్టే.

పాలకొల్లు_సైకిల్
ఇప్పుడే నెట్టి చూశాను. మీరు చెప్పిందే నిజం. ముప్పై ఏళ్లుగా ఫ్రీవీళ్లు బిగిస్తున్నాను, ఈ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. గొలుసు, పళ్ల చక్రాల వరకు మాత్రం నా మాట మీద నిలబడతాను, అవి గట్టి సరుకు.

రావులపాలెం_అరటి
మా తోటలో మందు కొట్టే యంత్రానికి రీలు ఉంది. ఇరుసు మీద పళ్ల చక్రం వదులుగా తిరుగుతుంది. దాని పక్కన డ్రమ్ము రేకుకు ఒక రంధ్రం. స్ప్రింగు ఉన్న పిన్ను ఆ రంధ్రంలోకి తోస్తే చక్రం, డ్రమ్ము ఒకటవుతాయి. పిన్ను లాగితే డ్రమ్ము ఒంటరిగా తిరుగుతుంది. ఎనిమిది రంధ్రాలు వేయించుకోండి, ఒకటే ఉంటే దానికోసం డ్రమ్మును వెతుకుతూ తిప్పాలి.

తణుకు_లేత్‌మిషన్
పిన్ను మంచిదే. నా ఓటు మాత్రం వి-బెల్టుకు. మోటారుకు 3 అంగుళాల పుల్లీ, డ్రమ్ముకు 8 అంగుళాలది, మధ్యలో వదులుగా ఉండే బెల్టు. మీట నొక్కితే ఒక చిన్న జాకీ చక్రం బెల్టును బిగిస్తుంది, డ్రమ్ము తిరుగుతుంది. మీట వదిలితే బెల్టు వేలాడుతుంది, పైపు హాయిగా బయటికి వస్తుంది. ఇంకో లాభం, పైపు ఏ గేటుకో రాయికో తట్టుకుంటే బెల్టు జారుతుంది. గొలుసైతే జారదు, పైపో గేరో తెగాలి.

పాలకొల్లు_సైకిల్
బెల్టు తడిస్తే?

తణుకు_లేత్‌మిషన్
తడిస్తే జారుతుంది, అందులో సందేహం లేదు. పైపు పడే వైపు కాకుండా రెండో వైపు పెట్టి పైన రేకు మూత వేయాలి.

కాకినాడ_అద్దాలు
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. వెల్డింగ్ షాపుకు నేడో రేపో వెళ్లేవాడిని, ఆగిపోయాను. డ్రమ్ము ఎంత పెద్దది ఉండాలి? పాత చేతి రీలు చిన్నది, చివరి పది మీటర్లు అంచు దాటి జారిపోతుంటాయి.

లెక్కల_మాస్టారు
ముందు పైపు బయటి వ్యాసం కొలవండి. ఒక్కచోట కొలిస్తే తప్పు వస్తుంది. బల్ల మీద పది వరుసలు పక్కపక్కన ఆనించి పెట్టి మొత్తం వెడల్పు స్కేలుతో చూడండి.

కాకినాడ_అద్దాలు
పది వరుసలకు 14 సెంటీమీటర్లు వచ్చింది మాస్టారూ. ఖాళీ పైపు 12 కిలోలు తూగింది.

లెక్కల_మాస్టారు
అంటే ఒక్కొక్కటి 14 మిల్లీమీటర్లు. సాగునీటి పైపుల్లో 315 మిల్లీమీటర్ల పీవీసీ దొరుకుతుంది, దాని ముక్క డ్రమ్ముకు బాగుంటుంది. రేకుల మధ్య వెడల్పు 40 సెంటీమీటర్లు అనుకుందాం. ఒక పొరలో 28 చుట్లు పడతాయి.

మొదటి పొరలో చుట్టుకు 1.03 మీటర్లు, అంటే దాదాపు 29 మీటర్లు. రెండో పొరలో 31. మూడో పొరలో 34. మొత్తం 94. మిగిలిన ఆరు మీటర్లు నాలుగో పొరలో. నాలుగు పొరలకు మొత్తం వ్యాసం 43 సెంటీమీటర్ల లోపే. పక్క రేకులు 50 సెంటీమీటర్లవి వేయించండి. అప్పుడు మూడున్నర సెంటీమీటర్ల అంచు మిగులుతుంది, పైపు జారదు. చుట్లు ఎప్పుడూ లెక్కలో పడినంత దగ్గరగా పడవు కనుక ఆ అంచు తప్పనిసరి.

బరువు సంగతి. 8.5 మిల్లీమీటర్ల పైపులో 100 మీటర్లకు 5.7 లీటర్ల నీళ్లు పడతాయి. పైపుతో కలిపి దాదాపు 18 కిలోలు. సిమెంటు నేల మీద ఈడ్వాలంటే అందులో సగం బలం కావాలనుకోండి. మీ తమ్ముడు రోజుకు ఆరుసార్లు మోస్తున్నది అదీ.

అమలాపురం_పీచు
మాస్టారు చెప్పిన చివరి మాట దగ్గర ఆగుతాను. చుట్లు పక్కపక్కన పడాలంటే మనిషి నిలబడే చోటు ముఖ్యం. మాది కొబ్బరి పీచు తాళ్ల పని. తాడును చుట్టకు దగ్గరగా నిలబడి అందిస్తే ఒకేచోట గుట్ట పడుతుంది. మూడు నాలుగు మీటర్లు దూరం జరిగి, చుట్ట మధ్యకు ఎదురుగా నిలబడి, తాడును చేతిలో కాస్త బిగువుగా జారనిస్తే అదే ఒక అంచు నుంచి రెండో అంచుకు నడుస్తుంది. మొదటి పొర మాత్రం ఓపికగా వేయాలి. కింద పొర వంకరైతే పై పొరలు దాని వంకరనే పట్టుకుంటాయి.

చేతికి తోలు తొడుగు వేసుకోండి. ఇసుక అంటిన పైపు అరచేతిని గీసేస్తుంది.

భీమవరం_చెరువు
ఇరుసుకు ఇనుప కడ్డీ వేయకండి. మన సముద్రపు గాలికి ఏడాదిలో పొట్టు రేగుతుంది. రొయ్యల చెరువుల ఏరియేటర్ల పాత స్టెయిన్‌లెస్ షాఫ్టులు మా దగ్గర పాత సామాన్ల కొట్లలో కిలోల లెక్కన దొరుకుతాయి. ఉప్పునీళ్లలో రాత్రింబగళ్లు తిరిగిన సరుకు, నీ రీలు దానికి విశ్రాంతి లాంటిది. రెండు వైపులా ఇరుసును మోసే ప్లమ్మర్ బ్లాకు బేరింగులు వేసుకో.

నీళ్లు డ్రమ్ములోకి వెళ్లే దారి కూడా ఆలోచించు తమ్ముడూ. ఒక వైపు ఇరుసు బోలుగా ఉండాలి, దాని చివర తిరిగే జాయింటు, డ్రమ్ము లోపల ఒక ఎల్బో, అక్కడి నుంచి పైపు. బోలు ఇరుసుకు జీఐ (జింకు పూత ఇనుప) గొట్టం పెట్టకు. శుద్ధి చేసిన నీళ్లు లోహాన్ని తింటాయి, నువ్వు సున్నాకు తెచ్చిన టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) అక్కడే పెరుగుతుంది. స్టెయిన్‌లెస్ గొట్టమే పెట్టు.

ఇంతకీ నీళ్లు ఎక్కడివి? మా బోరు నీళ్లలో టీడీఎస్ 1,400. కాలువ నీళ్లకు 200 లోపే. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో ఏం చేస్తున్నావు?

కాకినాడ_అద్దాలు
@భీమవరం_చెరువు వేసవిలో కష్టమే అన్నా. ఆర్ఓ తర్వాత మిగిలిన ఉప్పును పట్టే రెజిన్ సీసా ఉంది. ఉప్పు ఎక్కువైతే రెజిన్ వారాల్లో అయిపోతోంది. టీడీఎస్ 10 దాటితే నల్ల అద్దం మీద తెల్ల చుక్కలు కనిపిస్తాయి.

నిర్వాహకుడు
నీళ్ల శుద్ధి మీద విడిగా చర్చ మొదలుపెట్టండి, అక్కడ చాలామంది చెప్పగలరు. ఇక్కడ రీలు పూర్తి చేద్దాం.

యానాం_కరెంటు
వైర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. వైపర్ మోటారులో వేగం తక్కువకు ఒక తీగ, ఎక్కువకు ఒక తీగ, వైపర్‌ను అద్దం అడుగుకు తెచ్చి ఆపడానికి మరొకటి ఉంటాయి. మూడోదాన్ని టేపు చుట్టి పక్కన పెట్టండి. చాలా మోటార్లలో నెగెటివ్‌కు వేరే తీగ ఉండదు, మోటారు ఒళ్లే నెగెటివ్. బండి చట్రానికి బిగించగానే అది బండి నెగెటివ్‌తో కలిసిపోతుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, వేగం తగ్గించే చవక బోర్డులు ఎక్కువగా నెగెటివ్ వైపునే తెంచి కలుపుతుంటాయి. ఒళ్లంతా నెగెటివ్ అయిన మోటారుకు దాన్ని పెడితే గుండీ ఎటు తిప్పినా ఒకే వేగం. బోర్డు చెడిపోయిందని మూడు బోర్డులు మార్చినవాళ్లను చూశాను. మీకు పుల్లీలతోనే వేగం తగ్గుతోంది కాబట్టి బోర్డే వద్దు.

బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు. మోటారు దగ్గర కాదు, బ్యాటరీ పక్కన. తీగ మధ్యలో రేకుకు ఒరుసుకుపోతే కాపాడేది అదే. తీగ 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

గన్నవరం_లంక
రోజంతా మోటారు తిప్పితే బండి సాయంత్రం స్టార్టవుతుందా?

యానాం_కరెంటు
నాలుగైదు నిమిషాలు 8 ఆంపియర్లు తాగిందనుకోండి. ఒక్కసారికి అర ఆంపియర్-గంట కంటే కాస్త ఎక్కువ. ఆరుసార్లకు నాలుగు. పంపు తాగేది దీనికి చాలా రెట్లు. పంపును మోస్తున్న బ్యాటరీకి రీలు బరువు కాదు.

కపిలేశ్వరపురం_వరి
అందరూ యంత్రం గురించి చెప్పారు. నేను చేతి గురించి చెబుతాను. మా పెదనాన్నగారి కండువా నూర్పిడి యంత్రం బెల్టుకు చుట్టుకుంది. ఆయన ఒక్క క్షణంలో కండువాను మెడ నుంచి తీసి వదిలేశారు కాబట్టి బతికారు. ఆ కండువా పుల్లీ చుట్టూ తాడులా పేనుకుపోయి ఉండటం నేను నా కళ్లతో చూశాను. అప్పుడు నాకు పదేళ్లు.

వైపర్ మోటారే కదా, చిన్నదే కదా అనుకోవద్దు. నిమిషానికి పాతిక చుట్లు తిరిగే డ్రమ్ముకు వేలు దొరికితే వదలదు. ఒకసారి నొక్కితే తిరుగుతూనే ఉండే స్విచ్చు పెట్టకండి. నొక్కి పట్టుకున్నంతసేపే తిరగాలి, చెయ్యి తీస్తే ఆగాలి. బెల్టు మీద మూత లేకుండా ఒక్కరోజు కూడా నడపవద్దు. మీ తమ్ముడి భుజం కోసం మొదలుపెట్టారు, వేళ్లు కూడా చూసుకోండి.

కాకినాడ_అద్దాలు
అలాగేనండీ. మూత లేకుండా తిప్పను.

రావులపాలెం_అరటి
ఇంకొక మాట మరిచాను. పైపు లాగుతూ హఠాత్తుగా ఆగితే డ్రమ్ము ఆగదు, రెండు మూడు చుట్లు ఊరికే తిరిగి పైపు వదులై లోపల చిక్కు పడుతుంది. రేకుకు ఎప్పుడూ తేలికగా రాసుకునే ఆపు ఒకటి కావాలి.

పాలకొల్లు_సైకిల్
దీనికి నా దగ్గర మందు ఉంది. సైకిల్ బ్రేకు రబ్బరు, చిన్న స్ప్రింగు. రేకు అంచుకు ఆనీ ఆననట్టు.

తణుకు_లేత్‌మిషన్
ఇదిగో, సైకిల్ షాపు లేకుండా ఏ యంత్రమూ పూర్తి కాదు. @కాకినాడ_అద్దాలు ఇరుసు తీసుకుని తణుకు రండి. బోలు కొట్టి, నీళ్లు కారకుండా పట్టే రబ్బరు ఓ-రింగుకు గాడి నేను తీసి ఇస్తాను. కూలి సంగతి తర్వాత.

కాకినాడ_అద్దాలు
నెల దాటింది, ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

షాఫ్టు భీమవరంలో దొరికింది. తణుకు లేత్‌మిషన్ అన్నయ్య దాన్ని ఒక వైపు బోలు చేసి, రెండు ఓ-రింగులకు గాడులు తీసి, ఇత్తడి గొట్టం బదులు స్టెయిన్‌లెస్ గొట్టమే తొడిగారు. కూలి ఎంత అడిగినా చెప్పలేదు, వాళ్లావిడ భోజనం పెట్టి పంపారు. డ్రమ్ముకు 315 పీవీసీ ముక్క ఒక రైతు దగ్గర మిగిలి ఉంటే ఇచ్చారు. పక్క రేకులు 50 సెంటీమీటర్లు. మాస్టారి లెక్క అక్షరాలా సరిపోయింది, నాలుగో పొరలో నాలుగున్నర చుట్లు పడ్డాయి.

మోటారు వేగాన్ని ఫోనులో వీడియో తీసి నెమ్మదిగా నడిపి లెక్కపెట్టాను, ఎక్కువ వేగం తీగ మీద నిమిషానికి 60. 3, 8 అంగుళాల పుల్లీలతో డ్రమ్ము 22 చిల్లర తిరుగుతోంది. 100 మీటర్లు చుట్టడానికి నాలుగు నిమిషాలు దాటుతోంది. మామూలుగా 6 ఆంపియర్లు, పైపు గోడ మూలకు రాసుకుంటే 11 దాకా వెళుతోంది.

చెడిందీ చెబుతాను. మొదటి వారం జాకీ చక్రాన్ని బెల్టులో బిగువు ఉండే వైపు పెట్టాం. మోటారు లాగుతున్న వైపు కాబట్టి అది మీటను వెనక్కి తన్నేది, పట్టుకుని నిలబడితే చెయ్యి నొప్పి. లేత్‌మిషన్ అన్నయ్య ఫోనులో విని, వదులుగా ఉండే వైపుకు మార్చమన్నారు. మార్చాక రెండు వేళ్లతో నొక్కితే చాలు. ఇంకొకటి, పంపు ఆపకుండా ఒత్తిడి ఉన్న పైపునే చుట్టేశాం. బిగుతుగా ఉబ్బి ఉన్నది చుట్టుకుని, తర్వాత ఒత్తిడి తగ్గగానే పొరలన్నీ వదులయ్యాయి. మరుసటి ఉదయం లాగితే కింద పొరలోకి పై చుట్టు దిగబడి ఇరుక్కుంది. ఇప్పుడు పంపు ఆపి, గడ దగ్గర కుళాయి తెరిచి, నీళ్లు కారడం ఆగాకే చుట్టడం మొదలుపెడుతున్నాం.

తమ్ముడు ఇప్పుడు నాలుగు మీటర్ల దూరంలో తోలు తొడుగు వేసుకుని నిలబడి పైపును నడిపిస్తాడు, నేను మీట నొక్కుతాను. నిన్న రాజమహేంద్రవరంలో ఆరు చోట్ల పని చేసి వచ్చి రాత్రి వాడే అన్నం కలుపుకుని తిన్నాడు. అమ్మ ఏమీ అనలేదు, రెండోసారి పెరుగు వేసింది.

కపిలేశ్వరపురం_వరి
బెల్టు మూత ఉందా?

కాకినాడ_అద్దాలు
ఉందండీ. పాత నూనె డబ్బా రేకుతో చేయించాను. మొదటి రోజు నుంచీ ఉంది.

ఉప్పాడ_కెరటం
తొట్టే చాలన్నది నేనే. వెనక్కి తీసుకుంటున్నాను తమ్ముడూ. మా పడవ మీద లంగరు తాడుకు ఇలాంటిది చేయాలనిపిస్తోంది. లంగరు బరువును వైపర్ మోటారు తట్టుకుంటుందా?

తణుకు_లేత్‌మిషన్
తట్టుకోదు. పైపును నేల మీద ఈడ్చడం వేరు, లంగరును నీళ్లలోంచి పైకి ఎత్తడం వేరు. పైగా బెల్టు జారితే లంగరు మళ్లీ కిందికి పోతుంది, మధ్యలో మీ చెయ్యి ఉంటుంది. దానికి విడిగా చర్చ మొదలుపెట్టండి, తాడు మందం, లంగరు బరువు రాయండి.

గన్నవరం_లంక
@కాకినాడ_అద్దాలు జాకీ చక్రం ఏది వాడారు? నేను కూడా మొదలుపెట్టాను.

కాకినాడ_అద్దాలు
6203 బేరింగు. దాని మీద నైలాన్ కడ్డీ ముక్క తొలిచి తొడిగించాం. బెల్టు వీపుకు ఆనేది కాబట్టి గాడి అక్కర్లేదు, చదునుగా ఉంటే చాలు, రెండు పక్కలా చిన్న అంచు పెట్టించండి. బేరింగు కొనేటప్పుడు రెండు వైపులా రబ్బరు మూత ఉన్నదే అడగండి, నీళ్లు దిగవు.